ముప్పై బొమ్మలూ ఒకేలా ఉంటే నేర్చుకున్నదెవరు?

స్కూలు వరండాల్లో గోడల నిండా పిల్లల ఆర్ట్ వర్క్ కనిపిస్తుంది. కాగితం పళ్లాలతో చేసిన ముప్పై గుడ్లగూబలు వరసగా అంటించి ఉంటాయి. అన్నిటికీ ఒకే సైజు కళ్లు, ఒకే నారింజ రంగు ముక్కు, ఒకే చోట రెక్కలు. తేడా అంటూ ఉంటే ఒకదాని ముక్కు కాస్త పక్కకు జరిగి ఉంటుంది, అంతే. చూడ్డానికి ముచ్చటగానే ఉంటుంది. తల్లిదండ్రులు ఫోటోలు తీసుకుంటారు. టీచర్ ఎంత కష్టపడ్డారో కూడా తెలుస్తూనే ఉంటుంది. కష్టపడింది నిజంగా టీచరే. కళ్లు ఎంత ఉండాలో, ముక్కు ఏ రంగులో ఉండాలో, రెక్కలు ఎక్కడ అతకాలో అన్నీ ముందే తేల్చేసి, ముక్కలు కత్తిరించి ఇచ్చారు. పిల్లలకు మిగిలింది జిగురు రాయడం.

ఇలాంటి పనికి విలువే లేదనడం అన్యాయం. ఒకటో తరగతి పిల్లలకు కత్తెర పట్టడం, గీత వెంట కత్తిరించడం, జిగురు ఎంత రాస్తే సరిపోతుందో తెలియడం కూడా నేర్చుకోవాల్సినవే. అది చేతిపని. దాన్ని చేతిపనిగా పెట్టుకుంటే పేచీ లేదు. ఆర్ట్ ప్రాజెక్టు అని పిలిచినప్పుడు మాత్రం ఒక ప్రశ్న వేసుకోవాలి: మొదలుపెట్టినప్పటి నుంచి పూర్తయ్యేదాకా ఇందులో పిల్లలు సొంతంగా తేల్చుకున్నవి ఎన్ని? ఏ రంగు పక్కన ఏ రంగు, ఎంత పెద్దగా, కాగితంలో ఏ మూల, ఏది వదిలేయాలి, ఎక్కడ ఆపాలి. లెక్క సున్నాకి దగ్గరైతే ఆ ప్రాజెక్టు ఎంత అందంగా వచ్చినా అది టీచర్ బొమ్మే, పిల్లల చేతులతో వేయించిన బొమ్మ.

ఈ సంగతి కొత్తగా కనిపెట్టిందేం కాదు. అమెరికాలో కళావిద్య మీద పనిచేసిన ఆర్థర్ ఎఫ్‌లాండ్ 1976లోనే, బడిలో తయారయ్యే బొమ్మలకు తమదైన ఒక శైలి ఉందని రాశారు. బయట కళాకారులు చేసే పనితోనూ దానికి పోలిక లేదు, పిల్లలు ఖాళీగా ఉన్నప్పుడు నోట్‌బుక్ చివరి పేజీల్లో వేసుకునే బొమ్మలతోనూ లేదు. మిగతా పీరియడ్లు ఎంత బిగువుగా నడిచినా గోడలు మాత్రం సరదాగా, స్వేచ్ఛగా కనిపించాలి, ఆ అవసరాన్ని ఈ శైలి తీరుస్తుంది అన్నది ఆయన వాదన సారం. అర్ధశతాబ్దం గడిచింది. గోడలు పెద్దగా మారలేదు. ఇప్పుడు ఇంటర్నెట్‌లో దొరికే రెడీమేడ్ నమూనాల వల్ల ఆ శైలి ఇంకాస్త గట్టిపడింది కూడా.

ఏ వయసుకు ఏం కావాలి

ప్రాజెక్టులను సాధారణంగా తేలిక, కష్టం అని విడదీసి, తేలికవి ఎలిమెంటరీకి, కష్టమైనవి మిడిల్ స్కూల్‌కి పంచుతారు. నిజానికి ఈ రెండు వయసుల పిల్లలూ బొమ్మ నుంచి కోరుకునేదే వేరు.

ఆస్ట్రియాలో పుట్టి అమెరికాలో స్థిరపడిన విక్టర్ లోవెన్‌ఫెల్డ్ 1947లో వచ్చిన తన పుస్తకంలో పిల్లల బొమ్మలు మారే క్రమాన్ని వివరించారు. రెండు నుంచి నాలుగేళ్ల దాకా పిచ్చిగీతలు. ఆ తర్వాత ఏడేళ్ల దాకా తలకాయ నుంచే నేరుగా కాళ్లూ చేతులూ మొలిచిన మనుషులు వస్తారు, మెల్లగా వాళ్లకు పొట్ట ఏర్పడుతుంది. ఏడు నుంచి తొమ్మిది మధ్య ప్రతి వస్తువుకూ తమకంటూ ఒక గుర్తు కుదుర్చుకుంటారు: ఇల్లంటే ఇలా, చెట్టంటే ఇలా, అమ్మంటే ఇలా. కాగితం అడుగున నేల గీత వస్తుంది, దాని మీద అందరూ వరసగా నిలబడతారు. తొమ్మిది దాటాక బొమ్మ నిజంలా ఉండాలన్న పట్టుదల మొదలవుతుంది. పన్నెండేళ్లు వచ్చేసరికి ఆ పట్టుదలే తమ బొమ్మను తామే చించేసుకునేదాకా పోతుంది. వయసుల హద్దులు ఇంత కచ్చితంగా ఉండవు, పిల్లలందరూ ఒకే దారిలో నడవరని తర్వాతివాళ్లు అభ్యంతరం చెప్పారు. ఆ అభ్యంతరం సబబే. అయినా ఒకటి నుంచి ఎనిమిదో తరగతి దాకా పిల్లల బొమ్మలు పక్కపక్కన పెట్టి చూస్తే ఈ వరస మొత్తం మీద కళ్లకు కడుతుంది.

అంతకు ముందే, 1927లో, ఫ్రాన్స్‌కు చెందిన జార్జ్ ఆన్రీ ల్యూకే ఇందులో కీలకమైన ముక్క పట్టుకున్నారు. చిన్నపిల్లలు తమకు తెలిసినది గీస్తారు, కంటికి ఎంత కనిపిస్తోందన్నది వాళ్లకు పట్టదు. కారును పక్క నుంచి గీసినా నాలుగు చక్రాలూ వేస్తారు, ఉన్నవి నాలుగు కాబట్టి. బల్ల గీస్తే కాళ్లు నాలుగు వైపులకూ చాచుకుంటాయి. ఇంటి గోడ ఉండగానే లోపలి మంచం, మంచం మీద పడుకున్న మనిషి కనిపిస్తారు. పెద్దవాళ్ల కంటికి ఇవి తప్పులు. పిల్లల లెక్కలో ఏదీ దాచకుండా చెప్పిన బొమ్మే సరైన బొమ్మ.

ఈ ఒక్క విషయం గుర్తుంటే సగం ప్రాజెక్టులు వాటంతటవే సర్దుకుంటాయి. రెండో తరగతి వాళ్లకు వెలుగునీడలు, పర్‌స్పెక్టివ్ (దగ్గరా దూరం తేడా చూపించే పద్ధతి) చెప్పడం టైం వేస్ట్. గోడలోంచి లోపలికి చూపించే వాళ్ల పద్ధతినే ప్రాజెక్టుగా మార్చొచ్చు: నేల కింద చీమల పుట్ట ఎలా ఉంటుంది, ఏ గదిలో ఏం దాచుకుంటాయి, దారులు ఎటు నుంచి ఎటు పోతాయి? పొడవాటి కాగితం నిలువుగా ఇచ్చి, పైన నేల గీత గీసి, కింద అంతా మీదే అంటే చాలు. ఒక క్లాసులో ఏ రెండు పుట్టలూ ఒకేలా రావు. అదే కాగితం ఏడో తరగతి వాళ్లకు ఇస్తే "ఇదేంటి చిన్నపిల్లల్లా" అంటారు. వాళ్లకు కావాల్సింది వేరే: రైలు పట్టాలు దూరంగా పోతూ ఎందుకు కలిసిపోయినట్టు కనిపిస్తాయి, కాగితం మీద దాన్ని ఎలా తేవాలి? ఇటలీలో 1435లో లియోన్ బాటిస్టా ఆల్బెర్టి రాసిపెట్టిన, దూరంగా పోయే గీతలన్నీ ఒకే చోట కలిసేలా గీసే ఒక బిందువు పద్ధతి అప్పుడు చెబితే, ఆ పీరియడ్ అయిపోయినా పెన్సిల్ కింద పెట్టరు.

"నాకు బొమ్మలు రావు"

ఐదు, ఆరు తరగతుల మధ్య ఎక్కడో ఈ మాట మొదలవుతుంది. అప్పటిదాకా అడగకముందే బొమ్మలు వేసిన పిల్లలు కాగితాన్ని చేత్తో కప్పుకోవడం మొదలుపెడతారు. ఎవరైనా చూస్తే టెన్షన్. తెలివి తగ్గి ఇలా అవదు, తెలివి పెరిగే అవుతుంది. కన్ను ముందుకు వెళ్లిపోయింది, చెయ్యి వెనకబడింది. తాము గీసిన చెయ్యి చెయ్యిలా లేదని వాళ్లకు ఇప్పుడు కనబడుతోంది. ఎలా సరిచేయాలో మాత్రం ఎవరూ చెప్పలేదు. "బాగానే ఉందిలే" అనే ఓదార్పు ఇక్కడ పనిచేయదు. బాగా లేదని వాళ్లకు తెలుసు.

మిడిల్ స్కూల్ ప్రాజెక్టు ముందుగా ఈ దూరాన్ని తగ్గించాలి. దానికి ముఖం బొమ్మంత మంచి చోటు ఇంకోటి లేదు. అద్దం ఇచ్చి "మీ ముఖం గీయండి" అంటే దాదాపు అందరూ ఒకే పొరపాటు చేస్తారు: కళ్లను నుదుటి మీద పెడతారు. ముఖంలో మన చూపు పడేవి కళ్లు, ముక్కు, నోరు. నుదురు, జుట్టు ఖాళీ జాగాలా అనిపించి కుదించుకుపోతాయి. నడినెత్తి నుంచి గడ్డం దాకా కొలిస్తే కళ్లు దాదాపు సరిగ్గా మధ్యలో ఉంటాయి. ఈ మాట టీచర్ ముందే చెప్పేస్తే పిల్లలు గుడ్డు ఆకారం గీసి, మధ్యలో గీత కొట్టి, అందరూ ఒకే బొమ్మ వేస్తారు. మళ్లీ గుడ్లగూబల కథే. ముందు గీయనిచ్చి, తర్వాత పెన్సిల్‌ను అద్దానికి ఆనించి నెత్తి నుంచి కంటిదాకా ఎంత, కంటి నుంచి గడ్డం దాకా ఎంత అని కొలవమంటే గది ఒక్కసారిగా మారిపోతుంది. "అరె, సగానికి ఉంది!" అన్న మాట ఒక బల్ల నుంచి ఇంకో బల్లకు పాకుతుంది. రెండు కళ్ల మధ్య ఇంకో కన్ను పట్టేంత చోటు ఉందని ఎవరో కనిపెడతారు. చెవుల పై అంచు ఎక్కడికి వస్తుందో ఇంకొకరు చూస్తారు. రెండో బొమ్మ మొదటిదాని పక్కన పెట్టి చూసుకున్నప్పుడు "నాకు రాదు" అన్న మాట కాస్త వెనక్కి తగ్గుతుంది, ఎందుకంటే చేతిలో ఇప్పుడు ఒక సాధనం ఉంది.

అమెరికాకు చెందిన బెట్టీ ఎడ్వర్డ్స్ 1979లో ప్రచారంలోకి తెచ్చిన తలకిందుల పద్ధతి కూడా ఇలాంటిదే. పికాసో 1920లో గీసిన, సంగీతకారుడు స్ట్రావిన్‌స్కీ గీతల బొమ్మను తలకిందులుగా పెట్టి చూసి గీయమంటారు. ముఖం, చెయ్యి అని గుర్తుపట్టే వీలు తగ్గేసరికి, తలలో ఉన్న గుర్తును పక్కనపెట్టి కంటికి కనిపించే గీతనే చెయ్యి అనుసరిస్తుంది. ఈ పద్ధతికి ఆమె చెప్పిన కుడి మెదడు, ఎడమ మెదడు సిద్ధాంతాన్ని (బొమ్మలు వేయడం కుడి మెదడు పని అనేదాన్ని) ఇవాళ శాస్త్రవేత్తలు అంతగా ఒప్పుకోరు. అభ్యాసం మాత్రం పనిచేస్తుంది. ఒక పీరియడ్‌కి సరిపోతుంది కూడా.

నిజంలా గీయడం పట్టుబడ్డాక అక్కడే ఆగిపోకుండా చూడటం ఇంకో పని. దానికి మళ్లీ పికాసోనే పనికొస్తాడు. 1945 డిసెంబరు, 1946 జనవరి మధ్య ఆయన ఒక ఎద్దును పదకొండు లిథోగ్రాఫ్‌లుగా (రాతి పలక మీద గీసి తీసే ముద్రలుగా) వేశాడు. మొదట్లో ఒంటి నిండా కండలు, వెంట్రుకలు, బరువు. ఒక్కో దశలో కొంత తీసేస్తూ పోయి చివరికి కొన్ని గీతలు మిగిల్చాడు. ఆ గీతలు చూసినా ఎద్దే. ఎనిమిదో తరగతి పిల్లలను తమకు నచ్చిన జంతువునో, కుర్చీనో, సైకిల్‌నో తీసుకుని ఐదు దశల్లో ఇలా తగ్గించమంటే, ప్రతి దశలోనూ ఏది తీసేయొచ్చు, ఏది తీస్తే అది సైకిల్ కాకుండా పోతుంది అని తలపట్టుకుంటారు. ఆ తలపట్టుకోవడంలోనే పాఠం ఉంది.

రంగుల చక్రం నింపడం, రంగు కలపడం

రంగుల పాఠం అంటే ప్రతి చోటా చక్రమే. పన్నెండు గడులు గీసి, ఎరుపు, పసుపు, నీలం వేసి, మధ్యలో నారింజ, ఆకుపచ్చ, ఊదా నింపమంటారు. గడిలో ఏం రావాలో ముందే రాసి ఉంటుంది. పైగా ఊదా దగ్గర అందరికీ దెబ్బ తగులుతుంది: పుస్తకం ఊదా అంటుంది, బ్రష్ కింద బురద రంగు వస్తుంది. పిల్లలు తమ తప్పే అనుకుంటారు. తప్పు రంగులది. మామూలు సెట్లలో ఉండే ఎరుపు కాస్త నారింజ వైపు మొగ్గి ఉంటుంది, అంటే అందులో పసుపు ఛాయ ఉంటుంది. ఆకుపచ్చ ఛాయ ఉన్న నీలంతో దాన్ని కలిపితే మూడు రంగులూ కలిసినట్టే, అందుకే గోధుమరంగు. నీలాన్ని ప్రింటింగ్‌లో వాడే ముదురు గులాబీ రంగు మెజెంటాతో కలిపితే శుభ్రమైన ఊదా వస్తుంది. ఈ మాట చెప్పకుండా చక్రం నింపించడం అంటే పిల్లల్ని ఓడిపోయే ఆటకు దింపడమే.

చక్రం బదులు ఒక్క పని చాలు. పసుపు, నీలం, కొద్దిగా తెలుపు, పిసరంత ఎరుపు ఇచ్చి, ఒకదానితో ఒకటి పోలని ఆకుపచ్చలు వీలైనన్ని తయారుచేయమనాలి. మూడో తరగతి వాళ్లు కూడా చేస్తారు. మొదటి నాలుగైదు తేలిగ్గా వచ్చేస్తాయి. ఆ తర్వాత ఆగి ఆలోచించాల్సి వస్తుంది. పసుపులోకి నీలం చుక్క పడగానే రంగు ఎంత దూరం దూకుతుందో, అదే నీలంలోకి పసుపు వేస్తే ఎంతకీ ఎందుకు మారదో చేత్తో తెలుస్తుంది. లేత రంగులోకి ముదురు రంగును కొద్దికొద్దిగా కలపాలన్న సూత్రాన్ని ఇక టీచర్ బోర్డు మీద రాయనక్కర్లేదు. పిసరు ఎరుపు పడితే ఎండిన ఆకు రంగు వస్తుందని ఎవరో పొరపాటున కనిపెడతారు, పది నిమిషాల్లో అది క్లాసంతా పాకిపోతుంది. చివర్లో ఆ రంగులు పూసిన కాగితం పట్టీలను కత్తిరించి చెట్టుకు ఆకులుగా అంటించమంటే, ఆ చెట్టును ఇంటికి తీసుకెళ్లకుండా ఊరుకోరు.

రష్యాలో పుట్టిన చిత్రకారుడు కాండిన్‌స్కీ వలయాల గతి చూస్తే ఈ తేడా ఇంకా బాగా తెలుస్తుంది. చతురస్రాల్లో ఒకదానిలో ఒకటి వలయాలు గీసిన ఆయన 1913 నాటి కాగితం ఇవాళ ప్రపంచమంతటా ఎలిమెంటరీ ఆర్ట్ క్లాసుల్లో ప్రాజెక్టు అయిపోయింది. కాండిన్‌స్కీ దాన్ని ప్రదర్శన కోసం వేయలేదు. ఏ రంగు పక్కన ఏ రంగు పెడితే ఏమవుతుందో చూసుకోవడానికి పన్నెండు గడుల్లో చేసుకున్న చిన్న ప్రయోగం అది. పిల్లలకు మాత్రం వలయాలు ఇచ్చి "మీకిష్టమైన రంగులు నింపండి" అంటున్నారు. ప్రయోగం పోయి కలరింగ్ బుక్ మిగిలింది. దాన్ని మళ్లీ ప్రయోగంగా మార్చడం కష్టమేం కాదు. ఒక గడిలో మధ్య వలయం వెలిగిపోవాలి, ఇంకో గడిలో అదే రంగు మసకబారిపోవాలి, చుట్టూ ఏం పెడతారో మీరే చూసుకోండి అంటే సరి.

ఈ దారిలో అందరికంటే ముందుకు వెళ్లినవాడు జోసెఫ్ ఆల్బర్స్. జర్మనీలోని బౌహౌస్ అనే కళా పాఠశాలలోనూ, తర్వాత అమెరికాలోనూ పాఠాలు చెప్పిన ఆయన, రంగుల అభ్యాసాలకు పెయింట్ కంటే రంగు కాగితాలే మేలనేవాడు. కలపడంలో టైం పోదు, ఒకే రంగును ఎన్నిసార్లయినా తేడా లేకుండా వాడొచ్చు. ఆయన అభ్యాసాల్లో ఒకటి మిడిల్ స్కూల్‌కి అతికినట్టు సరిపోతుంది: ఒకే రంగు కాగితం నుంచి రెండు చిన్న ముక్కలు కత్తిరించి, రెండు వేర్వేరు రంగుల మీద పెట్టి, అవి రెండు రంగుల్లా కనిపించేలా చేయాలి. బూడిదరంగు ముక్కను నలుపు మీద, తెలుపు మీద పెడితే తేలిగ్గానే తేడా వస్తుంది. ఆ తర్వాతే అసలు పట్టు మొదలవుతుంది. ముక్కలు మారుస్తారు, నేపథ్యం మారుస్తారు, కళ్లు చిట్లించి చూస్తారు, పక్కవాళ్లను పిలిచి "ఇవి రెండూ ఒకటేనా" అని పందెం కాస్తారు. గీయడం రాదనుకునే పిల్లలు కూడా ఇందులో ముందుంటారు.

కళాకారుల పేర్లతో నడిచే ప్రాజెక్టులు

వాన్ గో 1889లో వేసిన నక్షత్రాల రాత్రిని నూనె క్రేయాన్లతో మళ్లీ వేయించడం, చిత్రకారుడు మోండ్రియాన్ రంగు గడులు నింపించడం లాంటివి దాదాపు ప్రతి బడిలోనూ ఉంటాయి. పేరు పరిచయమవుతుంది, కాదనలేం. కానీ బొమ్మ పైరూపం తీసుకుని, ఆ కళాకారుడు ఎదుర్కొన్న చిక్కును వదిలేస్తే మిగిలేది నకలు.

ఫ్రెంచి చిత్రకారుడు మాతీస్ కాగితం కత్తిరింపుల దగ్గర ఈ చిక్కు స్పష్టంగా ఉంటుంది. 1941లో పెద్ద ఆపరేషన్ అయ్యాక ఆయనకు ఎక్కువసేపు నిలబడి పెయింటింగ్ వేయడం కష్టమైంది. సహాయకులు కాగితాలకు గవాష్ (నీళ్లతో కలిపే చిక్కటి) రంగులు పూసి ఆరబెట్టి ఇస్తే, కూర్చునో పడుకునో కత్తెరతో నేరుగా ఆకారాలు కోసేవాడు. ముందు పెన్సిల్‌తో గీసుకోవడం లేదు. క్లాసులో తీసుకోవాల్సింది ఈ పద్ధతినే. మొదటి పీరియడ్‌లో ఎవరి కాగితాలకు వాళ్లు రంగులు పూసుకోవాలి. రెండో పీరియడ్‌లో పెన్సిళ్లన్నీ లోపల పెట్టించి, కత్తెర మాత్రమే ఇవ్వాలి. పెన్సిల్ లేదనగానే మొదట గోల చేస్తారు. కాసేపటికి కత్తెర కదల్చడం కంటే కాగితాన్ని తిప్పడం తేలికని తెలుస్తుంది, వంపులు సాఫీగా వస్తాయి. కత్తిరించాక మిగిలిన ఖాళీ ముక్క అసలు ఆకారం కంటే బాగుందని కొందరు దాన్నే వాడతారు. అంటించే ముందు ముక్కలన్నీ అటూ ఇటూ జరుపుకుంటూ కూర్చునే టైం ఇవ్వాలి. జిగురు డబ్బా ఎంత ఆలస్యంగా బయటికి వస్తే అంత మంచిది.

సూర్యకాంతితో ముద్రలు వేసే సయనోటైప్ కూడా ఇలా పద్ధతితో సహా తీసుకోవాల్సిందే. జాన్ హెర్షెల్ 1842లో కనిపెట్టిన ఈ పద్ధతితో ఆ మరుసటి ఏడాదే అన్నా అట్కిన్స్ సముద్రపు నాచు మొక్కల ముద్రలు వేసి పుస్తకంగా తేవడం మొదలుపెట్టింది. ముందే రసాయనం పూసిన కాగితం వాడితే మిడిల్ స్కూల్ పిల్లలకు ఇబ్బంది ఉండదు. ఆకులు పరిచి ఎండలో పెట్టి నీళ్లలో కడిగితే నీలం మీద తెల్లటి ఆకారం వస్తుంది. సైన్సు టీచర్‌ని కూడా పిలవొచ్చు.

"మీకిష్టమైనది వేయండి"

నిర్ణయాలన్నీ పిల్లలకే వదిలేస్తే సరిపోతుందా అంటే అదీ పొరపాటే. తెల్ల కాగితం ఇచ్చి ఏదైనా వేయమంటే రెండు కొండలు, మధ్యలో సూర్యుడు, ఒక ఇల్లు, పక్కన చెట్టు, పైన వి ఆకారంలో పక్షులు. క్లాసంతా అదే. గుడ్లగూబలకు నమూనా టీచర్ దగ్గరుంది, దీనికి పిల్లల చేతుల్లో ముందే ఉంది, అంతే తేడా. ఏమీ చెప్పకపోతే చెయ్యి అలవాటైన దారిలోనే పోతుంది.

పై ఉదాహరణలు చూస్తే ప్రతిదానిలోనూ ఏదో ఒక గట్టి షరతు ఉంది: పెన్సిల్ లేదు, ఒకే రంగు రెండుగా కనిపించాలి, దశ దశకూ ఏదో తీసేయాలి. షరతు పనిముట్టు మీదో, పద్ధతి మీదో ఉంది. ఫలితం మీద లేదు. గుడ్లగూబ దగ్గర జరిగేది దీనికి సరిగ్గా తలకిందులు. అక్కడ ఫలితం ముందే ఖాయం. మంచి ప్రాజెక్టుకు టీచర్ చేసి చూపించే నమూనా ఎందుకు ప్రమాదమో కూడా ఇక్కడే తెలుస్తుంది. ఎలిజబెత్ బోనావిట్జ్, ఆమె సహచరులు 2011లో ప్రచురించిన ఒక ప్రయోగంలో చిన్నపిల్లలకు నాలుగు రకాలుగా పనిచేసే కొత్త ఆటవస్తువు ఒకటి ఇచ్చారు. "ఇది ఇలా పనిచేస్తుంది" అని ఒక పని నేర్పినట్టుగా చూపించినప్పుడు పిల్లలు ఆ ఒక్కదానితోనే ఆడారు, మిగతావి కనిపెట్టింది తక్కువ. అనుకోకుండా తగిలి పనిచేసినట్టు నటించినప్పుడు ఎక్కువ వెతికారు. ఆర్ట్ క్లాసులో నమూనా చూపించాల్సి వస్తే ఒకదానికొకటి పోలనివి మూడు చూపించి, పని మొదలవగానే లోపల పెట్టేయడం మంచిది. బ్రష్ ఎలా కడగాలి, కత్తెర ఎలా పట్టాలి లాంటివి మాత్రం నేరుగా చేసి చూపించాల్సిందే. వాటిలో అన్వేషణకు చోటు లేదు.

కాగితం, మట్టి, నూలు

ప్రాజెక్టు ఫెయిలైతే నింద పిల్లల మీద పడుతుంది, చాలాసార్లు దోషం సామానుది. మామూలు ప్రింటర్ కాగితం 75, 80 జీఎస్ఎం (చదరపు మీటరుకు గ్రాముల బరువు) ఉంటుంది. దాని మీద వాటర్ కలర్ వేస్తే నారలు నీరు పీల్చి ఉబ్బి, కాగితం అలలు తిరుగుతుంది, రెండో పూతకి పైపొర లేచి పోగులు వస్తాయి. అదే చెయ్యి, అదే బ్రష్‌తో 200 పైబడిన జీఎస్ఎం కాగితం మీద వేసిన బొమ్మ చూస్తే ఎవరో వేరేవాళ్లు వేశారా అనిపిస్తుంది. మందపాటి కాగితం అందరికీ చాలకపోతే దాన్నే చిన్న ముక్కలుగా కోసి ఇవ్వడం మేలు.

మట్టి పనిలో అతుకుల దగ్గరే అంతా ఉంది. కప్పుకి చెవి ఊరికే నొక్కి అంటిస్తే ఆరాక ఊడిపోతుంది. రెండు వైపులా గీరి, నీళ్లతో జారుగా కలిపిన మట్టి రాసి నొక్కాలి. సన్నటి భాగం ముందు ఆరి కుంచించుకుపోతుంది, లావు భాగం ఇంకా తడిగా ఉంటుంది, ఆ రెండిటి మధ్య పగులు వస్తుంది. బట్టీలో కాల్చేటప్పుడు కుండలు పగిలిపోవడానికి ముఖ్య కారణం లోపల మిగిలిన తడి ఆవిరి కావడం. అందుకే బొటనవేలి కంటే లావుగా చేయనివ్వరు, బాగా ఆరనిస్తారు. బట్టీ లేని బడుల్లో గాలికి ఆరే మట్టి వాడినా అతుకుల సూత్రం ఇదే.

అట్టముక్క అంచులకు గాట్లు పెట్టి, పడుగు చుట్టి, పేక నేయించే ప్రాజెక్టు నాలుగో తరగతి నుంచి నడుస్తుంది. దాదాపు ప్రతి నేతా మధ్యకొచ్చేసరికి డమరుకంలా సన్నబడుతుంది, ఎందుకంటే పిల్లలు ప్రతి వరసా చివర దారాన్ని బిగించి లాగుతారు. పేకను తిన్నగా లాగకుండా కొంచెం వంపుగా వదిలి, తర్వాత దువ్వెనతో కిందికి దించితే అంచులు నిలబడతాయి.

ఫోమ్ షీటు మీద పెన్సిల్‌తో నొక్కి గీసి, రోలర్‌తో రంగు పూసి ముద్ర వేసే పని మాత్రం రెండు వయసుల వాళ్లకూ నప్పుతుంది. నొక్కిన గీత తెల్లగా మిగులుతుంది, అంతా తిరగబడి వస్తుంది. సంతకం పెట్టినవాళ్లకు మొదటి ముద్రతోనే ఆ సంగతి తెలిసిపోతుంది. రంగు ఎక్కువైతే గీతలు పూడిపోతాయి, తక్కువైతే మచ్చలు. ఒకే పలకతో పది ముద్రలు తీయొచ్చు కాబట్టి ఒకటి పాడైనా ఏడుపు ఉండదు. ఆర్ట్ క్లాసులో ఈ సౌకర్యం అరుదు.

టైం గురించి రెండు మాటలు. నలభై నిమిషాల పీరియడ్‌లో సామాను పంచడం, కడగడం పోను చేతిలో మిగిలేది పాతిక. ఆ పాతికలో పూర్తయ్యే పనిని వెతికితే మళ్లీ జిగురు రాసే పనే దొరుకుతుంది. మూడు నాలుగు వారాలు నడిచే ఒక ప్రాజెక్టు, వారానికొకటి చొప్పున నాలుగు ప్రాజెక్టుల కంటే ఎక్కువ నేర్పుతుంది. మధ్యలో వారం గ్యాప్ రావడం కూడా మంచిదే, సగంలో ఆపిన బొమ్మను కొత్త కళ్లతో చూస్తారు.

మార్కులు, బహుమతులు, టీచర్ పెన్సిల్

1973లో మార్క్ లెపర్, డేవిడ్ గ్రీన్, రిచర్డ్ నిస్బెట్ చేసిన ప్రయోగం ఆర్ట్ టీచర్లందరికీ తెలియాల్సినది. బొమ్మలంటే ముందే ఇష్టం ఉన్న నర్సరీ పిల్లల్ని మూడు గుంపులు చేశారు. ఒక గుంపుకు బొమ్మలు వేస్తే సర్టిఫికెట్ ఇస్తామని ముందే చెప్పి ఇచ్చారు. రెండో గుంపుకు చెప్పకుండా చివర్లో ఇచ్చారు. మూడో గుంపుకు ఏమీ లేదు. కొన్నాళ్లకు అవే రంగుల పెన్నులు మళ్లీ క్లాసులో పెట్టి ఊరికే గమనిస్తే, ముందే ఆశ పెట్టిన పిల్లలు మిగతావాళ్లతో పోలిస్తే దాదాపు సగం సేపే బొమ్మలు వేశారు. అనుకోకుండా బహుమతి అందినవాళ్లలో అలాంటి తగ్గుదల లేదు. చిక్కు బహుమతిలో కంటే దాని కోసం వేయడంలో ఉందన్నమాట. ఏడాదంతా పోటీల చుట్టూ తిరిగే ఆర్ట్ క్లాసు గురించి ఇది చెప్పేది చాలా ఉంది.

మార్కులు తప్పనిసరైతే అందానికి వేయడం మానుకోవచ్చు. ముందే చెప్పిన రెండు మూడు విషయాలకు వేయొచ్చు: ఎన్ని రంగులు ప్రయత్నించారు, మొదటి చిత్తుకీ చివరి బొమ్మకీ ఏం మార్చారు, ఎందుకు మార్చారో చెప్పగలుగుతున్నారా. ఆ చివరిదానికి క్లాసు చివర ఐదు నిమిషాలు కేటాయించాలి. "బాగుంది", "బాగాలేదు" అనే మాటలు వాడకూడదని ఒక్క నియమం పెడితే ఆ ఐదు నిమిషాల మాటల తీరే మారుతుంది. "నా చూపు ముందు ఈ మూలకే పోయింది", "ఇక్కడ ఎరుపు లేకపోతే ఎలా ఉండేదో" లాంటివి నాలుగో తరగతి పిల్లలు కూడా అంటారు.

ఇక టీచర్ చేతి సంగతి. ముక్కు వంకరగా వచ్చిందని పిల్లలు కాగితం తెచ్చి చూపించినప్పుడు పెన్సిల్ తీసుకుని రెండు గీతల్లో సరిచేసి ఇవ్వడం చాలా తేలిక. అడిగేదీ దానికోసమే. ఆ రెండు గీతలు పడ్డాక ఆ కాగితం మీద పిల్లలకు హక్కు పోతుంది, వచ్చేసారి గీయకముందే తీసుకొచ్చి నిలబడతారు. చూపించాల్సింది ఉంటే పక్కన ఇంకో చిత్తు కాగితం మీద గీసి చూపించి, ఆ కాగితాన్ని టీచరే తన దగ్గర ఉంచేసుకోవాలి.